పెన్ను కింద పెట్టండి: కరెంటు తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎటు?

ఇవాళ్టి టాపిక్ చిన్నదే, కానీ ఒకప్పుడు నా కొంప ముంచింది. ఇంటర్ సెకండియర్‌లో ఒక మాక్ టెస్ట్. తీగలో కరెంటు పైకి పోతోంది, దాని కుడిపక్కన అయస్కాంత క్షేత్రం ఎటు ఉంటుంది? రూల్ నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. బొటనవేలు పెట్టా, వేళ్లు మడిచా, బబుల్ నింపేశా. తప్పు! రావాల్సిన 4 మార్కులు రాలేదు, పైగా ఇంకొకటి పోయింది. ఎందుకంటే కుడిచేతిలో పెన్ను ఉంది. నేను మడిచింది ఎడమ చెయ్యి!

సరే, అసలు విషయానికి వద్దాం. 1820లో కోపెన్‌హాగన్‌లో ఓర్‌స్టెడ్ అనే ప్రొఫెసర్, కరెంటు పోతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం చూశారు. తమాషా ఏంటంటే, ముల్లు తీగ వైపుకి రాలేదు, దూరంగానూ పోలేదు. తీగకు అడ్డంగా తిరగబోయింది. అంటే క్షేత్రం తీగ చుట్టూ ఉంటుందన్నమాట. తీగ మీ మణికట్టు అనుకోండి, క్షేత్ర రేఖలు దానికి వేసుకున్న గాజులు.

ఆ గాజుల మీద దిశ ఎటో చెప్పేదే కుడిచేతి బొటనవేలు నియమం. తీగను కుడిచేత్తో పట్టుకున్నట్టు ఊహించుకోండి. ఊహే సుమా, నిజంగా పట్టుకోకండి! బొటనవేలు కరెంటు వైపు. మిగతా నాలుగు వేళ్లు ఎటు ముడుచుకుంటే క్షేత్రం అటు.

ఇప్పుడు మీ ఫోన్ స్క్రీన్ మీద కింద నుంచి పైకి ఒక తీగ ఉందనుకోండి. కరెంటు పైకి. కుడి బొటనవేలు పైకి పెట్టి చూడండి. తీగకు కుడిపక్కన వేళ్లు స్క్రీన్ లోపలికి పోతాయి, ఎడమపక్కన మీ వైపుకి వస్తాయి. లోపలికి అయితే ఇంటూ గుర్తు, బయటికి అయితే చుక్క. బాణం గుర్తు తెచ్చుకోండి: పోయే బాణానికి వెనక ఈకలు ఇంటూలా కనిపిస్తాయి, మన మీదికొచ్చే బాణానికి మొన చుక్కలా కనిపిస్తుంది.

నమ్మకం కుదరలేదా? చిన్న దిక్సూచి, మూరెడు తీగ, ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకోండి. దిక్సూచి మీదుగా తీగను దక్షిణం నుంచి ఉత్తరానికి పెట్టి, కరెంటు ఉత్తరానికి పోయేలా సెల్‌కి ఒక్క క్షణం ఆనించండి. ముల్లు ఉత్తరపు కొన పడమరకు తిరుగుతుంది. ఇప్పుడు దిక్సూచిని తీగ పైన పెట్టండి. తూర్పుకు తిరుగుతుంది! తీగ అదే, కరెంటు అదే. గాజుకి పైభాగం ఒకవైపు పోతే కిందిభాగం ఎదురువైపు పోవాలి కదా, అదే ఇది. 1 ఆంపియర్ కరెంటుకు 1 సెంటీమీటర్ దూరంలో క్షేత్రం 20 మైక్రోటెస్లా. మన దగ్గర భూమి క్షేత్రం దాదాపు 40. అందుకే ముల్లు స్పష్టంగా కదులుతుంది. సెల్ ఎక్కువసేపు ఆనిస్తే తీగ వేడెక్కుతుంది, జాగ్రత్త. పవర్ బ్యాంకు, ఇంటి ప్లగ్గు జోలికి అస్సలు వెళ్లొద్దు.

ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం పనిచెయ్యదు కూడా. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ముల్లు ఆ వేగం అందుకోలేదు. చార్జర్ కేబుల్ చుట్టూ కూడా పెద్దగా ఏమీ కనిపించదు. లోపల పక్కపక్కనే ఉన్న తీగల్లో కరెంటు ఒకదాంట్లో వెళ్తే ఇంకోదాంట్లో తిరిగొస్తుంది కాబట్టి, రెండు క్షేత్రాలూ దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇంకో ట్రాప్. ప్రశ్నలో ఎలక్ట్రాన్లు పైకి పోతున్నాయి అంటే, కరెంటు కిందికి. బొటనవేలు కిందికే పెట్టాలి.

వెళ్లే ముందు మీకో పని. పక్కపక్కనే రెండు తీగలు, సమానమైన కరెంటు, రెండూ పైకే. సరిగ్గా మధ్యలో క్షేత్రం ఎంత? రెండు తీగలకీ విడివిడిగా వేళ్లు మడిచి చూడండి, జవాబు మీకే దొరుకుతుంది. కానీ ముందు పెన్ను కింద పెట్టండి! మళ్లీ కలుద్దాం, బై.