సైకిలు సాధనలో కొలతల నిలుకడ
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సైకిలు పందెములకు సాధన చేయుచున్న పిల్లల తల్లిదండ్రులు కొందఱు కొంతకాలముగా ఒకే ప్రశ్న నడుగుచున్నారు. "మావాడు ఇంటిలోని ట్రైనరు మీద 210 వాట్లు త్రొక్కుచున్నాడు. మడకశిర బాటలో వాడే 195 దాటుటలేదు. బయటికి పోయిన పిదప సోమరితనము చూపుచున్నాడా, లేక యంత్రమే అబద్ధమాడుచున్నదా?" అని. పిల్లవాని సోమరితనమును గుఱించి తీర్పు చెప్పుటకు ముందు కొలతను గుఱించి కొంత తెలిసికొనుట మంచిదని నా అభిప్రాయము.

వాటు అను మాట మన తాలూకాకు క్రొత్తది కాదు. నాగలమడక హోబళిలో తిరుమణి మొదలగు అయిదు గ్రామముల పొలములలో, దాదాపు 13,000 ఎకరములలో, 2019 నాటికి పూర్తియైన సౌరవిద్యుత్తు పార్కు సామర్థ్యము 2,050 మెగావాట్లు. అనగా 205 కోట్ల వాట్లు. మనిషికి 200 వాట్ల చొప్పున ఒక కోటి రెండు లక్షల ఏబదివేల మంది ఒక్కమాఱు పెడళ్ళు త్రొక్కినగాని దానికి సాటిరారు. పిల్లవాని కాళ్ళ శక్తిని కొలుచునదియు ఆ వాటే.

ఇంతకుమునుపు సాధనను వేగమును బట్టి లెక్కించెడివారము. ఆషాఢమున పడమటిగాలి వీచునపుడు పావగడనుండి తూర్పుగా పెనుకొండవైపు పోవు పిల్లవాడు వీరుడు. తిరిగి వచ్చునపుడు వాడే దీనుడు. గాలికిని, ఎత్తుపల్లములకును లోబడని కొలత కావలసి, 1986లో జర్మనీ దేశమున ఉల్రిక్ షోబరర్ అను ఇంజనీరు సైకిలు క్రాంకులోనే అమర్చెడి పవర్ మీటరును రూపొందించెను. కాలి ఒత్తిడికి లోహము కంటికి కనబడనంత కొద్దిగా వంగును. దానికి అంటించిన స్ట్రెయిన్ గేజి అను సన్నని బిళ్ళ యొక్క విద్యుత్ నిరోధము ఆ వంపును బట్టి మాఱును. ఆ మార్పునుండి తెలిసిన మెలిబలమును, క్రాంకు తిరుగు వేగముతో గుణించినచో వాట్లు వచ్చును. నిమిషమునకు 90 చుట్లతో 200 వాట్లు త్రొక్కువాడు సగటున 21 న్యూటన్ మీటర్ల మెలిబలము పెట్టుచున్నాడన్నమాట.

ఒక సైకిలు, ఒక మీటరు ఉన్నంతవఱకు చిక్కులేదు. రోడ్డు సైకిలొకటి, కొండబాటలకొకటి, ఇంటిలో ట్రైనరొకటి చేరినపుడే తగవు మొదలగును. మన పెద్దలకిది తెలియని తగవు కాదు. పావగడ మైసూరు సీమలోనిది. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గములు మదరాసు ప్రభుత్వము క్రింద నుండెడివి. సేరు అను పేరు ఒక్కటే. కాని 24 తులముల సేరొకటి, 80 తులముల సేరొకటి వాడుకలో నుండెడివి. ధర అడుగుటకు ముందు ఏ సేరు అని అడుగవలసియుండెను. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి కిలోగ్రాము క్రమముగా అమలులోనికి వచ్చిన పిదప ఆ చిక్కు తొలగినది. వాటు కూడ కిలోగ్రామువలె లోకమంతట ఒక్కటే గదా యందురు. నిజమే, వాటు ఒక్కటే. దానిని కొలిచెడి చోటు మాత్రము ఒక్కటి కాదు.

సౌరపార్కులో పలక వద్ద ఒక లెక్క యుండును; ఇన్వర్టరు దాటిన పిదప మఱియొకటి; సబ్‌స్టేషను చేరునప్పటికి ఇంకొకటి. మధ్యలో కొంత వేడిగా పోవును. సైకిలును అంతే. పెడలులోగాని క్రాంకులోగాని ఉన్న మీటరు కాలు పెట్టిన శక్తిని చూపును. వెనుకచక్రపు హబ్బులో ఉన్న మీటరు చైను దాటి వచ్చిన శక్తిని చూపును. చైను శుభ్రముగా నున్నను నూటికి రెండు మొదలు నాలుగు వంతులు దారిలో పోవును. క్రాంకు వద్ద 200 ఉన్నది హబ్బు వద్ద 192 మొదలు 196 కావచ్చును. మన ఎఱ్ఱదుమ్ము పట్టిన చైనయినచో నష్టము ఇంకను హెచ్చు.

చవుకగా దొరకు మీటర్లలో పెక్కు ఎడమకాలిని మాత్రమే కొలిచి దానిని రెట్టింపు చేయును. రెండు కాళ్ళును సరిసమానమని దాని నమ్మకము. ఎడమకాలు నూటికి 48 వంతులు, కుడికాలు 52 వంతులు పనిచేయు బిడ్డ నిజముగా 200 వాట్లు త్రొక్కినను ఆ మీటరు 192 అనియే చెప్పును. పైగా అలసట వచ్చినకొలది ఈ పాళ్ళు మాఱవచ్చును. ఆ పెట్టెమీద వ్రాసియుండు హామీయు చూడుడు: నూటికి రెండు వంతులు హెచ్చుతగ్గులు. అనగా 200 వాట్లకు ఒక మీటరు 196, ఇంకొకటి 204 చూపినను రెండును మాట తప్పనట్లే.

పెడలు మీటరును ఒక సైకిలునుండి మఱియొక సైకిలునకు మార్చు ఇండ్లలో తఱచుగా కానవచ్చు లోపమొకటి చెప్పవలెను. ఆ మీటరునకు క్రాంకు పొడవు ఎంతయో మనమే చెప్పవలెను. పిల్లల సైకిలులో క్రాంకు 165 మిల్లీమీటర్లుండి, మీటరులో పాత సైకిలునాటి 170 అట్లే నిలిచిపోయినచో, అది నూటికి మూడు వంతులు ఎక్కువ చూపును. ఆ మూడు వంతులను చూచి బిడ్డ బలపడెనని సంతోషించు తల్లిదండ్రులుందురు. పాపము, వారి సంతోషము క్రాంకులోనిది.

ఇది వట్టి అంకెల గొడవ యని కొట్టివేయరాదు. ఒక అమ్మాయి గంటసేపు నిలుపగల శక్తిని ఇంటి ట్రైనరు మీద పరీక్షించితిమనుకొనుడు. ట్రైనరు నూటికి అయిదు వంతులు ఎక్కువ చూపుచున్నది. 200 అని వ్రాసికొంటిమి, నిజము 190. రోడ్డు సైకిలు మీటరు మూడు వంతులు తక్కువ చూపుచున్నది. "రోడ్డుమీద కూడ 200 నిలుపుము" అని ఆజ్ఞాపించితిమి. అది 200 చూపవలెనన్న ఆమె 206 త్రొక్కవలెను. తన శక్తికి మించి ఎనిమిది వంతులు. నాలుగు దినములు ప్రయత్నించి ఐదవనాడు చేతగాదని ఏడ్చును. నిద్ర చెడును, ఆకలి తగ్గును, ప్రొద్దున లేచునప్పటికే నాడి వేగముగా నుండును. మనము పట్టుదల లేదందుము. ఇంకను ఘోరమైనది, కిలో బరువునకు ఇన్ని వాట్లు అను లెక్క. వాట్లు పెరుగలేదని బరువు తగ్గించుటకు ఎదుగు బిడ్డకు ముద్ద తగ్గించుట నేను ఏ విధముగను సమర్థింపజాలను.

మఱి చేయవలసినదేమి? నిజమైన వాట్లెన్ని యను ప్రశ్నను ప్రక్కకు పెట్టుడు. సాధనకు కావలసినది నేటి తూకమును నిన్నటి తూకమును ఒకే తక్కెడలో నుండుట. ఒక మీటరును పెద్దగా నెంచుకొని మిగిలినవానిని దానితో పోల్చవలెను. స్తోమత ఒక్క మీటరునకే యున్నచో, రెండు ప్రక్కల కొలుచు పెడలు జత మేలు. క్రాంకు పొడవు మఱువక దిద్దుకొన్నచో ఏ సైకిలునకైనను అదే తక్కెడ పోవును. ట్రైనరు మీద కూర్చున్నపుడును ట్రైనరు అంకెను విడిచి పెడలు అంకెనే చదువవలెను.

రెండు మీటర్లు తప్పనిచో ఇట్లు పోల్చుడు. పెడలు మీటరున్న సైకిలును ట్రైనరునకు తగిలించి, రెంటి అంకెలను వేఱువేఱు తెరలపై చూచుచు, పది నిమిషములు ఒళ్ళు కాగిన పిదప 100, 150, 200 వాట్ల వద్ద అయిదేసి నిమిషములు త్రొక్కించి వ్రాసికొనుడు. తేడా అంతటను ఒకే పాలుగా నున్నచో ఆ పాలును తీసివేసి లెక్కించుకొనవచ్చును. ఒకచోట రెండు వాట్లు, ఒకచోట పదునాలుగు వాట్లయినచో ఆ రెండు పుస్తకములను కలుపకుడు. సైకిలునకొక పుస్తకము, ఆ సైకిలు మీదనే పరీక్ష.

తక్కెడలో సరకు పెట్టక మునుపు వట్టి తట్టలు సరితూగుచున్నవో లేదో చూచి, తూగకున్న పాసంగము కట్టుదుము. మీటరునకును అట్టి పని యున్నది. దానిని సున్న దిద్దుట యందురు. చలువగదిలోని సైకిలును ఎండలోనికి తెచ్చినపుడు లోహము వేడెక్కి సున్న కదలును. పదిపదునైదు నిమిషములు బయట నుంచి, పెడలు మీద కాలు లేకుండ సున్న దిద్దవలెను. ప్రతి దినము ఒక నిమిషము పని. దీనికి బద్ధకించువారు మీటరు కొనకుండుటయే లాభము.

మొదటి ప్రశ్నకు తిరిగి వత్తును. 210, 195 ల మధ్య తేడా అంతయు మీటర్లదే యనను. రోడ్డు సగటులో మలుపుల వద్ద, బస్సుల వెనుక, వాలులలో కాలు ఆడించని సున్నలన్నియు కలియును. ట్రైనరు మీద ఆ సున్నలు లేవు. కావున ఆగకుండ త్రొక్కిన ఇరువది నిమిషముల తునుకను మాత్రమే పోల్చుడు. అంకె ప్రక్కనే నాడియెంత, ఊపిరి ఎట్లున్నది, మాటలాడగలిగెనా అని బిడ్డచేతనే వ్రాయించుడు. నాడి, ఊపిరి రెండుచోట్లను ఒక్కటియై అంకె మాత్రమే వేఱైనచో తేడా మీటరుది. ఇరుగుపొరుగు పిల్లల అంకెలతో పోలిక అసలే వలదు. వారి తక్కెడ మీరు చూడలేదు.

పాత మీటరు పాడై క్రొత్తది కొనవలసి వచ్చినపుడు, వీలున్న రెండు వారములు రెంటిని కలిపి నడిపి తేడాను వ్రాసికొనుడు. వీలులేనిచో పుస్తకములో ఒక ఎఱ్ఱగీత గీసి, ఆ దినమునుండి లెక్క క్రొత్తగా మొదలుపెట్టుడు. గీతకు పై అంకెలను క్రింది అంకెలతో కలిపి బిడ్డను ప్రశ్నింపవలదని కోరుచున్నాను.