నిచ్చెన చెప్పు లెక్క



బాపట్లలో 1981 నుండి ఇంజనీరింగు కళాశాల కలదు. తెనాలి, రేపల్లె పల్లెల బిడ్డలకు అది దూరము కాదు. కాని పదవ తరగతిలో త్రికోణమితి సర్వసమీకరణములకు జంకి, గణితమునే విడుచువానికి ఆ ద్వారము మూసికొనును. సైన్ వర్గము, కొసైన్ వర్గము కలిసి ఒకటి యగునని అతడు వల్లించును. ఏల యగునో యెరుగడు.

గోడకు 10 అడుగుల నిచ్చెన వేయుడు. మొదలు గోడకు 6 అడుగుల దూరమున నున్నచో కొన 8 అడుగుల యెత్తు నంటును. నేలతో నిచ్చెన చేయు కోణమునకు సైన్ 8/10, కొసైన్ 6/10. వాని వర్గములు 64/100, 36/100, కూడిన ఒకటి. నిచ్చెనను ఎంత వాల్చినను ఆ యొకటి చెదరదు. ఏలన, భుజకోటి వర్గముల మొత్తము కర్ణవర్గమునకు సమానము. ఈ సూత్రమునే కొసైన్ వర్గముచే భాగించిన రెండవది, సైన్ వర్గముచే భాగించిన మూడవది లభించును. కావున నేర్వవలసినది ఒక్కటే.

ఈ విద్య పరాయిది కాదు. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు 24 జ్యాభేదములను చెప్పెను. ఆ "జ్యా" శబ్దమే అరబ్బుల చేతబడి, లాటినున "సైనస్" అయి, "సైన్"గా మన బడికి తిరిగివచ్చెను.

పెద్దలు సాయంవేళ గ్రంథాలయపు బల్లకడ ఒక త్రిభుజము గీయించి, "ఏల?" యని బిడ్డల నడుగుదురు గాక!