శాస్త్రజ్ఞుల కంపెనీ, సర్కారు కాపలా



సర్కారు సొమ్ముతో పరిశోధన జరుగుతుంది. ఆ పరిశోధనలో పండిన పంటను బజారుకు తీసుకుపోయి అమ్మడానికి సర్కారే ఒక కంపెనీ పెడుతుంది. పెట్టుబడి ప్రజలది, తెలివి శాస్త్రజ్ఞులది, సంతకం అధికారులది. ఇలాంటి కంపెనీని కనిపెట్టుకుని ఉండవలసింది ఎవరు, ఎలా కనిపెడుతున్నారు అన్న సంగతి ఈవేళ కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

ఉదాహరణకోసం దూరం పోనక్కరలేదు. బెంగళూరులో యాంత్రిక్స్ కార్పొరేషన్ అని ఒక కంపెనీ ఉంది. 1992 సెప్టెంబరులో పుట్టింది. పూర్తిగా భారత ప్రభుత్వానిదే, అంతరిక్ష శాఖ అజమాయిషీలో ఉంటుంది. ఇస్రో శాస్త్రజ్ఞులు తయారుచేసిన ఉపగ్రహాలలో చోటు అద్దెకివ్వడం, ఉపగ్రహాలు తీసిన చిత్రాలు అమ్మడం, పరదేశాల ఉపగ్రహాలను మన రాకెట్ల మీద పంపి కిరాయి పుచ్చుకోవడం దీనికి అప్పగించిన వ్యాపారం. రాకెట్టు లేచేది శ్రీహరికోటలో, పైకి పోయిన ఉపగ్రహాన్ని నడిపేది మన హాసన్‌లో, బేరం కుదిరేది బెంగళూరులో అన్నమాట.

కాగితం మీద చూస్తే ఇలాంటి కంపెనీలకు కాపలా తక్కువేమీ లేదు. 51 శాతం గానీ అంతకు మించి గానీ వాటా ప్రభుత్వానిదైతే, ఆ కంపెనీ లెక్కలు చూసే ఆడిటరును కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే మనం కాగ్ అంటామే, ఆయనే నియమిస్తారు. ఆ ఆడిటరు చూసిన లెక్కలను కావాలంటే ఆయన మరొకసారి తిరగేయవచ్చు. వార్షిక నివేదికను పార్లమెంటు ముందు పెట్టాలి. 1964 నుంచి పార్లమెంటులో ప్రభుత్వరంగ సంస్థల కమిటీ ఒకటి ఉంది. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు. వారు కంపెనీ పెద్దలను పిలిపించి ప్రశ్నించవచ్చు. కాని కంపెనీ రోజువారీ పనిలోకి, ప్రభుత్వ విధానాలలోకి ఆ కమిటీ తల దూర్చకూడదని నియమం. పైగా దేశంలో ఉన్న కంపెనీలన్నిటినీ ఏటేటా చూడడం వారివల్ల అయ్యే పని కాదు. ఈ కాపలా చాలావరకు పంట ఇంటికి చేరాక గింజలు లెక్కపెట్టే కాపలా. చేలో ఉండగా చూడవలసింది శాఖ, కంపెనీ డైరెక్టర్లు.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. 2004 డిసెంబరు 17న దేవాస్ మల్టీమీడియా అనే ప్రైవేటు కంపెనీ రిజిస్టరయింది. సరిగ్గా ఆరు వారాలకు, 2005 జనవరి 28న, యాంత్రిక్స్ దానితో ఒప్పందం రాసుకుంది. జీశాట్-6, జీశాట్-6ఎ అనే రెండు ఉపగ్రహాలను ఇస్రో కట్టి పంపాలి. వాటిలోని ఎస్-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లలో 90 శాతం పన్నెండేళ్లు దేవాస్‌కు అద్దెకివ్వాలి. మొత్తం మీద యాంత్రిక్స్‌కు రావలసింది దాదాపు 30 కోట్ల డాలర్లు. సెల్‌ఫోనులకు, నడిచే వాహనాలకు బొమ్మలూ పాటలూ అందిస్తామన్నది దేవాస్ మాట.

ఎస్-బ్యాండ్ అంటే ఏమిటో రేడియో వినే మనకు చెప్పడం సులభం. ఒకప్పుడు ఆకాశవాణి కేంద్రాలు ఢిల్లీ కార్యక్రమాలను ఇన్సాట్ నుంచి అందుకున్నది ఆ తరంగాల మీదనే. తీరప్రాంతపు ఊళ్లకు తుఫాను హెచ్చరికలు దిగివచ్చిందీ వాటి మీదనే. బరంపురం వైపు, యానాం వైపు ఉన్న శ్రోతలకు ఆ హెచ్చరిక విలువ వేరే చెప్పనక్కరలేదు. అలాంటి తరంగాలు 70 మెగాహెర్ట్జ్ మేర ఈ ఒప్పందంలో ఒక కంపెనీ చేతికి పోతున్నాయి. వేలం లేదు. 2011 ఫిబ్రవరిలో ఈ సంగతి పత్రికలకు ఎక్కినప్పుడు దేశానికి రెండు లక్షల కోట్ల రూపాయల నష్టమని ఒక అంచనా వచ్చింది. ఆ అంకె నాకు నమ్మబుద్ధి కాదు. నేల మీద సెల్ కంపెనీలు వేలంలో కొనే తరంగానికీ, ఆకాశం నుంచి దిగే తరంగానికీ ఒకే ధర కట్టడం సరైన లెక్క కాదు. నష్టం ఎంత అన్నదానికన్నా, ఎవరు చూసి ఒప్పుకున్నారు అన్న ప్రశ్న పెద్దది.

అప్పటి ఏర్పాటు చూడండి. ఇస్రో అధ్యక్షుడే అంతరిక్ష శాఖ కార్యదర్శి. ఆయనే అంతరిక్ష కమిషన్ అధ్యక్షుడు. ఆయనే యాంత్రిక్స్ అధ్యక్షుడు కూడా. కంపెనీ రాసిన ఒప్పందాన్ని శాఖ పరిశీలించాలి, శాఖ పంపినదాన్ని కమిషన్ పరిశీలించాలి. మూడు వాకిళ్లు ఉన్నాయిగాని, మూడింటి తాళంచెవులూ ఒకే మొలతాడుకు కట్టి ఉన్నాయి. మా కర్ణాటకలో సర్కారు బడికి వచ్చే డబ్బు బ్యాంకులో జమ అయితే, తీయడానికి హెడ్మాస్టరు సంతకం ఒకటీ, తల్లిదండ్రుల తరఫున ఎస్.డి.ఎం.సి. అధ్యక్షుడి సంతకం ఒకటీ ఉండాలి. గోడకు సున్నం వేయించడానికి రెండు సంతకాలు. హెడ్మాస్టరే ఆ రెండో సంతకమూ పెడతానంటే ఏ ఊళ్లోనూ ఒప్పుకోరు. హెడ్మాస్టరు దొంగ అని కాదు, రెండో సంతకం ఉన్నదే అందుకు.

2005 మే నెలలో అంతరిక్ష కమిషన్ ముందుకు, డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ముందుకు జీశాట్-6 కట్టడానికి అనుమతి కోరుతూ ప్రతిపాదన వెళ్లింది. ఖర్చు 269 కోట్ల రూపాయలు. ఉపగ్రహంలో అధికభాగం అప్పటికే ఒక ప్రైవేటు కంపెనీకి రాసి ఇచ్చేశామన్న మాట మంత్రివర్గానికి వెళ్లిన పత్రంలో లేదు. ఇదే ఈ కథకు గుండెకాయ. మంత్రులు ఉపగ్రహానికి ఒప్పుకున్నారు, బేరం సంగతి వారి ఎదుటికి రానేలేదు.

2009లో అంతరిక్ష శాఖే ఒప్పందాన్ని మళ్లీ పరిశీలింపజేసింది. 2010 జూలైలో అంతరిక్ష కమిషన్ రద్దు చేయమంది. 2011 ఫిబ్రవరిలో, రక్షణ అవసరాలకు ఆ తరంగాలు కావాలన్న కారణంతో, ప్రభుత్వం రద్దు చేసింది. విచారణకు వేసిన మొదటి కమిటీలో బి.కె. చతుర్వేదితోపాటు శాస్త్రజ్ఞుడు రొద్దం నరసింహ ఉన్నారు. రొద్దం అంటే పావగడ వైపు వారికి సరిహద్దు అవతలి ఊరే గుర్తుకొస్తుంది. 2012 జనవరిలో మాజీ అధ్యక్షుడితో సహా నలుగురు శాస్త్రజ్ఞులను ఏ ప్రభుత్వ పదవిలోనూ ఉండకూడదని నిషేధించారు. తమ మాట వినకుండానే శిక్ష వేశారని మాజీ అధ్యక్షుడు వాదించారు. అదే ఏడాది మే నెలలో కాగ్ నివేదిక పార్లమెంటుకు వచ్చింది. ఒకరి చేతిలోనే ఇన్ని పదవులు ఉండడాన్ని ఆ నివేదిక ఎత్తిచూపింది.

ఆలస్యంగా మేలుకున్నందుకు ఖర్చు ఎంతో చూడండి. 2015 సెప్టెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తుల మండలి, ఒప్పందం రద్దు తప్పని, యాంత్రిక్స్ 56 కోట్ల 25 లక్షల డాలర్లు వడ్డీతో కట్టాలని చెప్పింది. పన్నెండేళ్ల అద్దెగా రావలసింది 30 కోట్లు, రద్దు చేసినందుకు కట్టమన్నది దాదాపు రెట్టింపు. 2021 చివరలో దేవాస్ వాటాదారులు కెనడాలో ఎయిర్ ఇండియాకు, మన విమానాశ్రయాల సంస్థకు రావలసిన డబ్బును కోర్టు ఆజ్ఞతో పట్టి ఉంచారు. ఉపగ్రహం బేరానికి విమానం టికెట్ల డబ్బు చిక్కుకుపోయింది!

మన దేశంలో కథ వేరే దారి పట్టింది. 2022 జనవరి 17న సుప్రీం కోర్టు, దేవాస్ పుట్టుక నుంచే మోసం ఉందన్న కింది ట్రిబ్యునళ్ల నిర్ణయాన్ని సమర్థించి, ఆ కంపెనీ మూసివేతను ఖాయం చేసింది. ఆ ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు మధ్యవర్తుల తీర్పును కొట్టేసింది. కాని 2025 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఒక సాంకేతిక అంశంలో దేవాస్ వైపే చెప్పి, వ్యవహారాన్ని మళ్లీ కింది కోర్టుకు పంపింది.

ఇంత విన్నాక, శాస్త్రజ్ఞులకు స్వేచ్ఛ ఇవ్వడమే పొరపాటు అనుకునేవారు ఉంటారు. నేను అలా అనుకోను. 1972లో అంతరిక్ష కమిషన్‌ను మామూలు సర్కారు కచేరీలా నడపకూడదనే స్వతంత్రంగా ఏర్పాటు చేశారు. 1979లో ఎస్.ఎల్.వి-3 మొదటి రాకెట్టు సముద్రంలో పడింది. ప్రతి పైసాకూ సంజాయిషీ అడిగే గుమాస్తా ఉండి ఉంటే 1980లో రెండోసారి పంపేవారా? ఈ ఒప్పందం కోసమే కట్టిన జీశాట్-6ఎ, 2018 మార్చి 29న పైకి వెళ్లి, కొద్దిరోజులకే సంబంధం తెగి పోయింది. అందుకు నేను ఎవరినీ నిందించను. ప్రయోగం విఫలం కావడం ఒక జాతి, ఒప్పందం సంగతి చెప్పకుండా అనుమతి తీసుకోవడం వేరొక జాతి. రెండింటికీ ఒకే బెత్తం పట్టుకుంటే, ప్రయోగం చేసేవాడు భయపడతాడు, బేరం చేసేవాడు కాగితాలు సర్దుకుంటాడు.

ఆ తరువాత మార్పులు జరిగాయి. 2011 నుంచి యాంత్రిక్స్‌కు వేరే అధిపతిని పెట్టారు. 2019 మార్చిలో న్యూస్పేస్ ఇండియా అని రెండో కంపెనీ వచ్చింది. ప్రైవేటువారికి అనుమతులు ఇచ్చే పనిని 2020లో ప్రకటించిన ఇన్-స్పేస్ అనే సంస్థకు అప్పగించారు. 2022 జూన్‌లో ఆకాశంలో తిరుగుతున్న పది ఉపగ్రహాలను మంత్రివర్గం న్యూస్పేస్ ఇండియాకు బదలాయించింది. దాని అధీకృత మూలధనం 1,000 కోట్ల నుంచి 7,500 కోట్ల రూపాయలకు పెరిగింది. యాంత్రిక్స్ అద్దెకిచ్చింది ఇస్రో ఉపగ్రహాలలో చోటు. ఈ కంపెనీకి ఉపగ్రహాలే సొంతం. యజమాని మాత్రం అదే అంతరిక్ష శాఖ.

ఇలాంటి సర్కారు కంపెనీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. దేశభద్రత, వ్యాపార రహస్యాలు చెప్పరు, అది చట్టంలోనే ఉంది. అవి పోగా అడగదగినవి ఉన్నాయి. డైరెక్టర్లలో ఎంతమంది అంతరిక్ష శాఖ ఉద్యోగులు, ఎంతమంది బయటివారు? ఏడాదిలో ఎన్నిసార్లు సమావేశమయ్యారు? వేలం లేకుండా కుదిరిన ఒప్పందాలు ఎన్ని? వార్షిక నివేదిక ఏ తేదీన పార్లమెంటుకు వెళ్లింది? ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ అడగవచ్చు. మనవైపు వారు కన్నడంలో రాయవచ్చు, యానాం వారు తెలుగులోనే రాయవచ్చు. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్ఫై రోజులు.