చేయని కచేరీకి చప్పట్లు

గ్రామ్ పార్సన్స్ అనే అమెరికన్ గాయకుని ఆఖరి రికార్డును రెండవ వైపుకు తిప్పి వేయగానే మొదట వినవచ్చేది పాట కాదు, జనం సద్దు. ఈలలు, కేకలు, సీసాల చప్పుడు, ఎవరో తాగినవాని అరుపు. ఉత్తర క్విబెక్‌లో జరిగిన కచేరీ నుండి ప్రత్యక్షంగా పట్టినవని అక్కడి రెండు పాటలకు పేరు పెట్టినారు. నిజానికి అటువంటి కచేరీ ఏదీ జరుగలేదు. 1973 వేసవిలో లాస్ ఏంజిలిస్ స్టూడియోలో నాలుగు గోడల మధ్య పాడిన పాటలకు ఆ జనఘోషను తరువాత అతికించినారు. వేళాకోళానికి చేసిన పనే. అయినా ఆ రెండు పాటలలో రెండవది ఏదో తెలిసిన వారికి ఆ చప్పట్లు విన్నప్పుడు నవ్వు రాదు. ఆ సంగతి మనవి చేయడానికి కొంచెం వెనుకకు పోవలసి ఉన్నది.

రికార్డు పేరు ‘గ్రీవస్ ఏంజెల్’. 1974 జనవరిలో వెలువడినది. పాడినవాడు అప్పటికి లేడు. 1973 సెప్టెంబరు 19న కాలిఫోర్నియా ఎడారిలోని జాషువా ట్రీ అనే చోట, మత్తుమందును, మద్యాన్ని మితిమీరి పుచ్చుకొని, ఇరవై ఆరేండ్లకే మరణించినాడు. అతని భౌతికకాయాన్ని గురించి వింత కథలు చాలా ప్రచారంలో ఉన్నవి. వానిని చెప్పుకొనే ఉత్సాహంలో పాటలను మరచినవారే ఎక్కువ గనుక నేను వాని జోలికి పోవడం లేదు.

తన పాట తానే కట్టి తానే పాడేవానిని మనం వాగ్గేయకారుడంటాము. త్యాగరాజస్వామిని పిలిచిన మాటతో ఈ యువకుని పిలవడానికి నోరు కొంచెం జంకుతుంది గాని, మన భాషలో ఆ పనికి మరొక మాట లేదు. పార్సన్స్ చేసిన పనిని లోకం ‘కంట్రీ రాక్’ అన్నది. ఆ పేరు అతనికి ఇష్టం లేదు. తనది విశ్వవ్యాప్తమైన అమెరికన్ సంగీతమని తానొక పెద్ద పేరు పెట్టుకొన్నాడు. పేరులో యువకుని ఆడంబరం లేకపోలేదు. పాటలో మాత్రం అది కనబడదు.

కంట్రీ సంగీతమంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల తెల్లవారి పల్లెపాట. ఫిడేలు, గిటారు, రైలుబండి, చెరసాల, విడిపోయిన భార్య, ఆదివారపు ప్రార్థన, ఇవే దాని సామగ్రి. రాక్ సంగీతం ఆ పల్లెపాటకూ నల్లవారి బ్లూస్ పాటకూ పుట్టిన బిడ్డయే. కాని 1960ల చివరికి ఆ బిడ్డకూ తల్లికీ మాటలు లేవు. వియత్నాం యుద్ధం దేశాన్ని రెండుగా చీల్చినది. జుట్టు పెంచి యుద్ధం వద్దన్న పట్నపు యువకులది రాక్. జెండాకు వందనం చేసే గ్రామస్థులది కంట్రీ. 1969లో మెర్ల్ హేగర్డ్ అనే గొప్ప కంట్రీ గాయకుడు జుట్టు పెంచిన యువకులను దెప్పుతూ ఒక పాట పాడగా అది దేశమంతటా మారుమ్రోగినది. ఆ హేగర్డ్‌నే పార్సన్స్ దైవంగా భావించినాడు. ఎవరు తమను ఇంటికి రానివ్వరో వారి పాటనే ప్రేమించడమన్నది అతని జీవితమంతటా కనిపించే చిక్కు.

నాష్‌విల్ నగరంలో డబ్ల్యు.ఎస్.ఎం. అనే రేడియో కేంద్రం 1925లో ఒక వారం వారం కార్యక్రమాన్ని ప్రారంభించినది. తరువాత దానికి ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అని పేరు వచ్చినది. పొలం పనులు ముగించుకొని రేడియో చుట్టూ చేరే కుటుంబాలకు శనివారం రాత్రి అదే పండుగ. 1943 నుండి 1974 వరకు ఆ కార్యక్రమం రైమన్ అనే మందిరం నుండి ప్రసారమైనది. 1892లో మతప్రసంగాలకోసం కట్టిన కట్టడమది. శ్రోతలు కూర్చునేవి నేటికీ చర్చి బల్లలే. కంట్రీ గాయకునికి ఆ వేదిక ఎక్కడమంటే మన విద్వాంసునికి ఆస్థాన ప్రవేశం వంటిది.

1968 మార్చిలో ‘బర్డ్స్’ అనే కాలిఫోర్నియా రాక్ బృందం ఆ వేదిక ఎక్కినది. పార్సన్స్ అప్పుడు వారిలో ఒకడు, వయస్సు ఇరవై ఒకటి. హేగర్డ్ పాటలు రెండు పాడవలెనని నిర్ణయం. మొదటిది పాడినారు. రెండవదానిని ప్రకటించిన తరువాత పార్సన్స్ ముందుకు వచ్చి, తన నాయనమ్మకోసం స్వంత పాట పాడతానని చెప్పి, ‘హికరీ విండ్’ అందుకున్నాడు. బాబ్ బుకానన్ అనే మిత్రునితో కలిసి రైలు ప్రయాణంలో కట్టిన పాట అది. బాల్యంలో ఎక్కిన చెట్లను, ఆ గాలిని, దూరదేశంలో తలచుకొనే మనిషి పాట. నిర్వాహకులకు ఆగ్రహం వచ్చినది. సభలో ఆదరం లేదనీ, కొందరు గేలి చేసినారనీ బృందంలోనివారే చెప్పినారు. ప్రకటించిన పాటను కాదని మరొకటి పాడడం మర్యాద కాదని నేనూ ఒప్పుకొంటాను. కాని ఆ పల్లెవారు వినవలసిన పాటను ఆ పల్లెవారి ఎదుటనే పాడినాడు. వారు దానిని తమది అనుకోలేదు.

చేయని కచేరీ పేరిట చప్పట్లు అతికించుకొన్న రెండవ పాట ఇదే, ‘హికరీ విండ్’. అయిదేండ్ల తరువాత, అంతకంటె చాలా నెమ్మదిగా, అలసిన గొంతుతో దానిని మళ్ళీ పాడినాడు. ఈసారి జనాన్ని తానే తెచ్చుకొన్నాడు. వారు చప్పట్లు కొడుతున్నారు, ఈలలు వేస్తున్నారు. పాట నడుస్తున్నకొద్దీ ఆ గోల మన చెవికి దూరమైపోయి గొంతు ఒక్కటే మిగులుతుంది.

ఈ మనిషికి బాల్యపు చెట్లమీద అంత మమకారం ఎందుకు? అతడు 1946లో ఫ్లోరిడాలో పుట్టి, జార్జియా రాష్ట్రంలోని వేక్రాస్ అనే ఊరిలో పెరిగినాడు. తల్లి పుట్టినింటివారు నారింజతోటలతో కోట్లు గడించినవారు. 1958లో క్రిస్మస్ పండుగకు రెండు రోజుల ముందు తండ్రి ఆత్మహత్య చేసుకొన్నాడు. 1965లో, పార్సన్స్ పాఠశాల చదువు ముగించి పట్టం పుచ్చుకొన్న రోజుననే, తల్లి మద్యం వలన వచ్చిన వ్యాధితో మరణించినది. పేదవాని పాటను ధనికుని కుమారుడు పాడుతున్నాడని అతనిని ఆక్షేపించినవారున్నారు. ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. తాతల ఆస్తి వలన వచ్చే సొమ్ము లేకపోతే అతడు అంత నిర్లక్ష్యంగా బృందాలను కట్టి విడిచి తిరిగేవాడు కాడు, అంత తొందరగా చెడిపోయేవాడూ కాడేమో. కాని ఇల్లు పోగొట్టుకొన్నవాని దుఃఖానికి ధనంతో నిమిత్తం లేదు.

ఇక బాణీలను కలపడం. ఇది అందరూ చేస్తారు. ఒక పాటకు ఫిడేలు, ఒక పాటకు డోలు చేర్చి కలిపితిమనుకొంటారు. పార్సన్స్ మార్గం వేరు. 1969లో క్రిస్ హిల్‌మన్‌తో కలిసి ‘ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్’ అనే బృందం పేరిట తెచ్చిన రికార్డులో రెండు సోల్ పాటలున్నవి. అంతకు రెండేండ్ల ముందు ఒకదానిని అరీతా ఫ్రాంక్లిన్, మరొకదానిని జేమ్స్ కార్ పాడినారు. ఇద్దరూ నల్లజాతి గాయకులు. పార్సన్స్ వానిని పెడల్ స్టీల్ గిటారుతో, పల్లెపాట నడకతో పాడినాడు. ఎక్కడా అతుకు కనబడదు. ఆ రెండు ప్రజల పాటలూ ఒకే ప్రార్థనామందిరపు సంగీతం నుండి వచ్చినవని వాదించి చెప్పలేదు, పాడి వినిపించినాడు.

పెడల్ స్టీల్ గిటారు అన్నాను. తంత్రులను వ్రేళ్ళతో నొక్కక, వానిపై లోహపు కడ్డీని జార్చుతూ, కాలితో తొక్కుడుమెట్లను తొక్కి శ్రుతిని మార్చుతూ వాయించే వాద్యమది. మన గోటువాద్యంలో కడ్డీ జారినట్లే స్వరం నుండి స్వరానికి తెగకుండా పాకుతుంది. గమకానికి అలవాటుపడిన మన చెవికి కంట్రీ సంగీతంలో మొదట దగ్గరయ్యేది ఈ నాదమే. ‘గ్రీవస్ ఏంజెల్’లో దీనిని వాయించినవాడు అల్ పెర్కిన్స్. గిటారు జేమ్స్ బర్టన్, పియానో గ్లెన్ హార్డిన్, డ్రమ్ములు రానీ టట్. ఈ మువ్వురూ ఎల్విస్ ప్రెస్లీ బృందంలోనివారు. 1956లో తొమ్మిదేండ్ల బాలుడుగా ప్రెస్లీ పాటకచేరీ చూసినవాడు, పెద్దవాడై ఆ ప్రెస్లీ వాద్యగాండ్రనే పిలిపించుకొన్నాడు.

అయితే ఈ రికార్డుకు ప్రాణం వాద్యాలు కావు. రెండవ గొంతు. ఎమీలూ హారిస్ వాషింగ్టన్ ప్రాంతపు చిన్న క్లబ్బులలో పాడుకొంటూ ఉండగా హిల్‌మన్ విని పార్సన్స్‌కు చెప్పినాడు. కంట్రీ సంగీతాన్ని వినే చెవి పార్సన్స్ వలననే తనకు అబ్బినదని ఆమె తరువాత చెప్పినది. మన సంగీతంలో ఇద్దరు కలిసి పాడినప్పుడు ఇద్దరికీ స్వరమార్గం ఒకటే. ఒకరు ముందూ ఒకరు వెనుకా కావచ్చును. వారి సంగీతంలో ఒకే క్షణంలో ఇద్దరూ వేర్వేరు స్వరాలు పట్టుతారు. ఒకరు షడ్జమంలో నిలిచి ఉండగా మరొకరు గాంధారాన్ని పట్టి, ఆ దూరాన్ని కాపాడుకొంటూ పాట పొడుగునా ప్రక్క ప్రక్కనే నడుస్తారు. అలబామా రాష్ట్రపు లూవిన్ సోదరులు ఈ విద్యలో ఆరితేరినవారు. ఇందాకటి జంటలో మొదటి పాట వారిదే.

పార్సన్స్ గొంతు గట్టి గొంతు కాదు. పై స్థాయిలో వణుకుతుంది, ఒక్కొక్కచోట శ్రుతికి కొంచెం క్రిందనే ఆగిపోతుంది. ‘లవ్ హర్ట్స్’ అనే పాట వినండి. బూడ్లో బ్రయంట్ కట్టగా 1960లో ఎవర్లీ సోదరులు పాడిన పాట. ఇక్కడ దానిని బాగా నెమ్మది చేసినారు. అతని గొంతు ఎక్కడ తడబడుతుందో అక్కడ ఆమె గొంతు పైనుండి దిగివచ్చి ప్రక్కన నిలుస్తుంది. కప్పివేయదు, దిద్దదు. అతడు పదాన్ని ఆలస్యంగా విడిస్తే ఆమె కూడ అంతే ఆలస్యం చేస్తుంది. సభలో దొరకని ఆదరం అతనికి దొరికినది అక్కడనే అని నా అభిప్రాయం.

ఒంటరిగా పాడిన పాటలలో ‘బ్రాస్ బటన్స్’ ఉన్నది. చాలా ఏండ్ల క్రిందట వ్రాసుకొన్నది. తల్లిని గురించినదని చెబుతారు. ఏడుపు లేదు. ఆమె ధరించినవి, వాడుకొన్నవి కొన్ని వస్తువులు వరుసగా చెప్పుకొంటూ పోతాడు, అంతే. మనిషి పోయిన ఇంటిలో బీరువా తెరిచినవారికి ఆ పాట అర్థమగును. దాని తరువాతి పాటలో పెండ్లికి అంతా సిద్ధమై ఉండగా వధువు రాదు. చనిపోయినదో, విడిచిపోయినదో పాట తేల్చి చెప్పదు. కాని పెండ్లిలో అపరక్రియల వాసన వస్తూనే ఉంటుంది. సుమారు అయిదు నిమిషాల ఈ పాట రికార్డులోకెల్ల గొప్పదని నా మనవి. ఇతరుల పాటలు తీసికొని సరదాకు పాడినవానిలో ఒకటి, నాట్యం రాదనే పాట, లేకపోయినా లోటు ఉండేది కాదు.

చివరి పాట మరణించిన ముగ్గురు మిత్రులను తలచుకొనేది. ఒకడు 1972లో కారు ప్రమాదంలో పోయిన నటుడు బ్రాండన్ డివైల్డ్, మరొకడు 1973 జులైలో కారు గ్రుద్ది పోయిన గిటారు విద్వాంసుడు క్లారెన్స్ వైట్. పాట కట్టడంలో ఎమీలూకు కూడ భాగమున్నది. లిండా రాన్‌స్టాట్ కూడ వచ్చి గొంతు కలిపినది. పాడినవాడు కొన్ని వారాలకు తానూ ఆ వరుసలో చేరినాడు. రికార్డు వెలువడినప్పుడు అమెరికాలోని అమ్మకాల పట్టికలో అది అందుకొన్న అత్యున్నత స్థానం 195. అట్టమీద అతని ముఖం ఒక్కటే ఉన్నది. రెండవ గొంతు ఎవరిదో అట్ట ముందు వైపు మాత్రమే చూచినవారికి తెలియదు.

ఆ రెండవ గొంతే పాటను ముందుకు మోసినది. ఎమీలూ హారిస్ 1979లో తన రికార్డులో ‘హికరీ విండ్’ పాడినది. 1991లో, ఆప్రీ విడిచిపోయిన తరువాత పాడుబడిన రైమన్ మందిరంలోనే, కట్టడం భయంచేత కొద్దిమందినే లోపలికి రానిచ్చి, ఆమె తన బృందంతో పాడినది. ఆ రికార్డు 1992లో వెలువడగా ఆ కట్టడాన్ని బాగుచేయవలెనన్న పట్టుదల పలువురిలో కలిగినది. 1994లో మందిరం మళ్ళీ తెరిచినారు. 1992లోనే ఆప్రీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకొన్నది. ఆ రికార్డులోనూ పాటల మధ్య చప్పట్లు వినవస్తాయి. అవి ఆ చర్చి బల్లలపై కూర్చున్నవారు కొట్టినవే.