కట్టమంచి విమర్శ: పుస్తకం, పాఠకుడు, దయ

చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి ఇరవై ఏళ్లు నిండకముందే ఒక కావ్యం రాశారు. అది 1899లో, మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా పోటీకి రాసిన ‘ముసలమ్మ మరణము’. తర్వాత 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ అనే విమర్శగ్రంథం వెలువరించారు. సాహిత్య చరిత్రలు మొదటిదాన్ని నవ్యకవిత్వం కిందా, రెండోదాన్ని ఆధునిక విమర్శ కిందా విడివిడిగా పెడతాయి. పక్కపక్కన పెట్టుకుని చదివితే వాటి చుట్టరికం తెలుస్తుంది. ఎదుటి మనిషి మనసులోకి వెళ్లి చూడగలగడం కవికి ఎంత అవసరమో, చదివేవాళ్లకూ అంతే అవసరమన్న నమ్మకం రెంటికీ పునాది.

ముసలమ్మ కథకు మూలం సి.పి. బ్రౌన్ ప్రచురించిన అనంతపురం చరిత్ర. వానలకు బుక్కరాయసముద్రం చెరువు తెగిపోయేలా ఉంది. ఊరి రెడ్డి ఇంటి కోడలు ముసలమ్మ బలి అయితే కట్ట నిలుస్తుందన్న దైవవాక్కు వినబడింది. ఆమె తనంతట తానే వెళ్లి నీళ్లలో కలిసిపోయింది. రాయలసీమ బతుకు తెలిసినవాళ్లకు ఈ కథలోని భయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఏడాది పొడవునా పారే ఏరు లేని చోట ఊరికి ప్రాణం చెరువే. కట్ట తెగితే కింది కయ్యలు ఇసుకమేట వేస్తాయి, ఇళ్లు కూలుతాయి, పశువులు కొట్టుకుపోతాయి. తాగడానికీ పండించుకోవడానికీ నిలవ ఉన్న నీళ్లన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. అలాంటి ఊరి కోసం ఒక ఆడమనిషి ప్రాణం ఇవ్వడాన్ని పద్దెనిమిదేళ్ల విద్యార్థి కావ్యవస్తువుగా తీసుకున్నాడు. రాజూ రాజకుమారీ లేని కావ్యం, చావుతో ముగిసే కావ్యం ఆనాటి తెలుగుకు కొత్త. ముసలమ్మను దేవతగా ముందే పీఠం ఎక్కించకుండా, అయినవాళ్లను విడిచి వెళ్తున్న మనిషిగా చూపడంలోనే ఆ కావ్యానికి బలం ఉంది.

ఆ త్యాగాన్ని నేటి పాఠకులు తడబాటు లేకుండా మెచ్చుకోలేరు. ఊరంతటినీ కాపాడే భారం ఒక కోడలి మీదే ఎందుకు పడాలి? కావ్యం ఈ ప్రశ్నను నేరుగా వేయదు. అయినా ఆ ప్రశ్న పుట్టడానికి కావలసినంత మనిషితనాన్ని ముసలమ్మకు ఇచ్చింది. ఆమె మీద జాలిపడిన పాఠకులే ఆమెను బలి కోరిన ఊరిని నిలదీయగలరు.

‘కవిత్వతత్త్వ విచారము’లో కట్టమంచి రామలింగారెడ్డి ఎక్కువగా వాడిన మాట భావనాశక్తి. వర్ణనలు, శ్లేషలు, అలంకారాలు ఎన్ని ఉన్నా, పాత్రలకు ప్రాణం పోసే ఊహ లేకపోతే అది కవిత్వం కాదన్నది ఆ పుస్తకం వాదం. ఈ కొలతతో చాలా ప్రబంధాలను ఆయన కఠినంగా తూచారు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లోని కథాకల్పనను మెచ్చుకున్నారు. కొందరు ప్రబంధకవుల మీద ఆ తీర్పు అతిగానే పడింది. పద్యం నడక, మాటల పొందిక ఇచ్చే ఆనందానికి ఆయన త్రాసులో తక్కువ చోటు దొరికింది. కానీ మనుషుల స్వభావాన్నిబట్టి కథను పరీక్షించాలన్న పట్టుదల తెలుగు చదువరులకు కొత్త చూపునిచ్చింది.

ఈ వాదానికి ‘కళాపూర్ణోదయం’లోని సుగాత్రీ శాలీనుల కథకంటే మంచి ఉదాహరణ దొరకదు. నగలతో సింగారించుకుని దగ్గరకు వచ్చిన భార్యను శాలీనుడు తలెత్తి చూడడు. అత్త అతణ్ణి తోటపనికి పెడుతుంది. భర్త కష్టం చూడలేక సుగాత్రి కూడా తోటలోకి వెళ్లి పని అందుకుంటుంది. చెమటతో, మట్టితో ఉన్న ఆమె మీద అప్పుడు అతనికి మనసు కలుగుతుంది. అలంకారం చేయలేని పనిని జాలి చేసింది. సూరన దీన్ని శృంగార ఘట్టంగానే రాశాడు. అందులో దయ ఎక్కడుందో గుర్తించడం పాఠకుల వంతు.

విమర్శకుడిగానే కాక విద్యాధికారిగానూ కట్టమంచి ఈ చదువును ముందుకు నడిపించారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆ పదవి వదులుకున్నారు. ఆ పదవిలో ఉండగా ఆయన పూనికతోనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928లో అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చారు. మరుసటి ఏడాది అవి పుస్తకమయ్యాయి. పండితులు చిన్నచూపు చూసిన కవిని, జనం నోట మిగిలిన కవిని, మెచ్చుకోలూ మందలింపూ రెండూ కలిపి పరిశీలించిన పుస్తకం అది. వేమన కోపం వెనక ఉన్న మనిషిని వెతకడంలో రాళ్లపల్లి చూపిన ఓర్పు విమర్శలో అరుదైన గుణం. ఆయనే తర్వాత తిరుపతిలో శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరి, రాగిరేకుల్లో ఉండిపోయిన అన్నమయ్య సంకీర్తనలను పరిష్కరించి, ఎన్నింటికో స్వరాలు కట్టారు. చెరిగిన అక్షరాన్ని వదిలేయకుండా కూడబలుక్కుని చదవడం కూడా పాత మనిషి పట్ల చూపే ఆదరమే.

తర్వాతి తరంలో ఈ చూపు కథ వైపు మళ్లింది. పాకాల దగ్గరి దామలచెరువులో బడిపంతులుగా ఉంటూ మధురాంతకం రాజారాం పల్లె మనుషుల చిన్నచిన్న మంచితనాలనూ, వాటిని కరిగించేసే పేదరికాన్నీ వందలాది కథల్లో రాశారు. ఆయన కథల సంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. మదనపల్లెలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య అలాంటి కథలను ఎలా చదవాలో చెప్పారు. ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ పుస్తకాల్లో ఆయన ప్రపంచ సాహిత్యం చదివిన బరువును పాఠకుల మీద మోపలేదు. దృష్టికోణం, పాత్రచిత్రణ వంటి విషయాలను కొత్తగా రాసేవాళ్లకు తరగతిలో కూర్చోబెట్టి చెప్పినట్టు వివరించారు. ‘కథాశిల్పం’కు 1999లో అకాడెమీ పురస్కారం లభించింది. కట్టమంచి కొలత కవులను ఎంచడానికి పుట్టింది. వల్లంపాటి చేతిలో అది రాసేవాళ్లకు సాయపడే పనిముట్టయింది. 2007లో కన్నుమూసేనాటికి ఆయన రాయలసీమ ఆధునిక సాహిత్యం మీద ఒక పుస్తకం పూర్తి చేశారు. కరువునూ ముఠా తగాదాలనూ దాటి ఈ నేల రచయితలు ఏం రాశారో అందులో సామాజిక, సాంస్కృతిక నేపథ్యంతో సహా పరిశీలించారు.