దాచవలసిన చోట చెప్పి, చెప్పవలసిన చోట దాచి...
(ప్రసంగ పాఠం)



1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒక చిన్నారి ఏడుస్తూ ఉండటం ఎయిర్‌హోస్టెస్ గమనించింది. పక్కనున్నది ఆ బాలికను పెళ్లాడి తీసుకుపోతున్న వృద్ధుడు, సౌదీ దేశీయుడు. ఆమె ఊరుకోలేదు. విషయం పోలీసులకు చేరింది, బాలిక దేశం దాటలేదు. అయినా ఆ వ్యాపారం ఆగలేదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఇటువంటి పెళ్లిళ్ల కేసులో ఒమన్, ఖతార్ దేశీయులను, దళారులను, ఖాజీలను అరెస్టు చేశారు.

ఇలాంటి పెళ్లి రహస్యంగా జరిగేది కాదు. దళారికి, నిఖా చదివించినవారికి, గది అద్దెకిచ్చిన లాడ్జికి, కాగితాలు తయారుచేసినవారికి, ఇరుగుపొరుగుకు తలా ఒక ముక్క తెలుసు. ఆ ముక్కలు ఒకచోట చేరకపోవడమే నేరస్థుడి బలం.

వాటిని ఒకచోట చేర్చడానికే 2012లో పోక్సో చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని గానీ, జరగబోతున్నదని గానీ తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు శిక్ష. బడి, మదరసా, హాస్టలు, ఆసుపత్రి దేనికీ మినహాయింపు లేదు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ కేసూ నిలవదు.

పోలీసులు ఇరవై నాలుగు గంటలలోగా విషయాన్ని జిల్లా బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేయాలి. కేసు సాగినంతకాలం కుటుంబానికి తోడుగా ఉండే సహాయకుణ్ణి ఆ కమిటీ నియమించగలదు. ఎఫ్ఐఆర్ ఇంకా నమోదు కాలేదనే సాకుతో వైద్యపరీక్ష నిరాకరించకూడదు. బాలికను పరీక్షించేది మహిళా డాక్టరే కావాలి.

సమాచారం నడవవలసిన దారి ఇది. దానికి అవతల అడుగడుగునా చట్టం గోడ కట్టింది. బాధిత శిశువు పేరు, ఫోటో, ఇల్లు, బడి, కుటుంబ వివరాలు పత్రికలలో గానీ ఇతర ప్రసార మాధ్యమాలలో గానీ బయటపెడితే శిక్ష తప్పదు. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, ఇంటివద్దనే తీసుకోవచ్చు. పిల్లలను రాత్రిపూట ఠాణాలో ఉంచకూడదు.

మరి మన బస్తీలలో జరుగుతున్నదేమిటి? ఠాణాకు చేరవలసిన మాట ఇంట్లోనే సమాధి అవుతుంది. ఇంట్లో ఉండవలసిన పేరు వాట్సాప్ గ్రూపులలో ఊరేగుతుంది. పెద్దమనుషులు కూర్చొని రాజీ కుదురుస్తారు, కాదంటే నేరస్థుడితోనే నిఖా చేస్తామంటారు. పరువు కోసమని చేసే ఈ పనులతో పిల్లకు రక్షణా దక్కదు, పరువూ దక్కదు.

ఠాణా మెట్లెక్కడానికి మనవారు జంకుతారు. ఆ జంకుకు కారణాలున్నాయని మనకు తెలుసు. విషయం బయటపడితే మొత్తం సమాజాన్నే నిందిస్తారనే భయమూ ఉంది. ఇంగ్లండులోని రాథర్‌హామ్ పట్టణం సంగతి చూడండి. 1997 నుంచి 2013 వరకు అక్కడ దాదాపు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 నాటి విచారణ నివేదిక అంచనా వేసింది. నిందితులలో ఎక్కువమంది పాకిస్తానీ సంతతివారు. జాతి ప్రస్తావన తేవడానికి కొందరు అధికారులు వెనుకాడారు, పిల్లల మాటను పోలీసులు లెక్కచేయలేదు, శాఖల చేతిలో ఉన్న సమాచారం చర్యగా మారలేదు. పాకిస్తానీ సంతతి బాలికలూ బాధితులలో ఉన్నారు. అవమాన భయంతో వారి గోడు వెలుపలికి రాలేదు. చివరకు నింద పడింది ఏ నేరమూ చేయని సామాన్య ముస్లిం కుటుంబాల మీద. మౌనం పిల్లలనూ కాపాడలేదు, సమాజాన్నీ కాపాడలేదు.

కనుక మనం చేయవలసినవి కొన్ని, అడిగి సాధించవలసినవి కొన్ని. బిడ్డ చెప్పిన మాటను నమ్ముదాం. పదిమంది చేత పదిసార్లు చెప్పించకుండా 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేద్దాం. నిఖాకు ముందు వధువు వయసు పత్రం చూడనిదే పుస్తకంలో రాయవద్దని మన ఖాజీలను కోరుదాం. అనుమానం వస్తే అక్కడే ఆపి తెలియజేయాలని చెబుదాం. ఉర్దూ మాత్రమే వచ్చిన బిడ్డకు దుబాసీని ఏర్పాటు చేయడం చట్టబద్ధమైన హక్కు; దానిని అడుగుదాం. ఇరవై నాలుగు గంటలలో కమిటీకి కబురు వెళ్లిందా అని పోలీసులను నిలదీద్దాం. బిడ్డ పేరు బయటకు పొక్కితే ఎవరి నుంచి పొక్కిందో తేల్చమందాం.

అమానత్ అంటే మనందరికీ తెలుసు. బాధిత శిశువు మనతో చెప్పుకున్న మాట అమానత్. దానిని అందవలసిన చేతికే అందించాలి, ఆలస్యం లేకుండా అందించాలి.