జనపనార లెక్క, మన మాత్రల లెక్క



గుమస్తా మనసుకు ప్రతి గడీ నింపితేనే తృప్తి. 1941లో బెంగాల్ ప్రభుత్వం జనపనార సాగును ప్రతి చేనూ తిరిగి లెక్కించింది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ మాత్రం చీటీలు తీసినట్టు కొన్ని చోట్లనే ఎంచి, చూసి, మొత్తానికి అంచనా కట్టారు. తరువాత తేలిన వ్యాపార లెక్కలకు దగ్గరగా వచ్చింది ఆయన అంచనాయే!

మందుల పరీక్షకూ ఇలాంటి గణితమే ఆధారం. బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించారు. అందులో మందు ఎవరికివ్వాలో డాక్టరు ఇష్టానికి వదలక, చీటీ పద్ధతిలోనే నిర్ణయించారు.

కనుక మిత్రులారా, "ఫలానా కషాయంతో నా బి.పి. తగ్గింది" అని ఒకరన్నంత మాత్రాన మాత్రలు మానకండి. ఒకరి అనుభవం ఒక్క చేను మాత్రమే. డాక్టరు గారిని అడిగే మార్చుకుందాం.